పాఠం కోసం సినిమా: ఏది కొనాలి, ఏది కొనక్కర్లేదు

విశాఖపట్నంలో సినిమా పాఠంగా మారే చోట్లు చాలా ఉన్నాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల శాఖకూ, జర్నలిజం శాఖకూ, భాషాసాహిత్య శాఖలకూ సినిమా లేకుండా సిలబస్ సాగదు. ఆంధ్ర మెడికల్ కాలేజీ విద్యార్థికి ఆపరేషన్ థియేటర్‌లోకి వెళ్ళేముందు ఆ ఆపరేషన్‌ను తెర మీద చూడడం ఎంతో మేలు చేస్తుంది. ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపస్‌లో ఓడల నిర్మాణం చదివేవాళ్ళకు డాక్ యార్డులో పని ఎలా సాగుతుందో చూపే చిత్రాలు కావాలి. నావికులుగా వెళ్ళబోయేవాళ్ళకు నడిసముద్రంలో ఇంజన్ గదికి నిప్పంటుకుంటే ఏం చేయాలో చెప్పే చిత్రాలు కావాలి. ఉక్కు కర్మాగారంలోనో, పోర్టులోనో, షిప్‌యార్డులోనో చేరబోయే డిప్లొమా, ఇంజనీరింగ్ పిల్లలకు కరిగిన లోహం దగ్గరా, క్రేను కిందా ఎలా మసలుకోవాలో చెప్పడం కంటే చూపించడమే నయం.

ఇంతకాలం ఈ చూపించడం ఒక వస్తువుతో ముడిపడి ఉండేది. 16 ఎంఎం రీలు కానీ, వీహెచ్ఎస్ క్యాసెట్ కానీ, డీవీడీ కానీ లైబ్రరీ ఒకసారి కొని బీరువాలో పెట్టుకుంటే అది లైబ్రరీ సొత్తు. పదేళ్ళ తర్వాత మరో అధ్యాపకుడు వచ్చి అడిగినా తీసి ఇవ్వగలిగేవారు. ఇప్పుడు సినిమా లింకుగా వస్తోంది. లింకుకు గడువుంటుంది, లాగిన్ ఉంటుంది, ఎవరు చూడొచ్చో, ఎక్కణ్ణుంచి చూడొచ్చో, ఎంతమంది ఒకేసారి చూడొచ్చో చెప్పే షరతులుంటాయి. సొంతదారుగా ఉన్న లైబ్రరీ అద్దెదారైంది. పాఠ్యచిత్రాల లైసెన్సు అన్న ప్రశ్న పుట్టింది ఇక్కడే.

దీని మీద మన విశ్వవిద్యాలయాల్లో రెండు ధోరణులు కనిపిస్తాయి. కొందరు ఎక్కడ ఏది దొరికితే అది పెన్‌డ్రైవ్‌లో వేసుకొచ్చి చూపించేస్తారు. కొందరు కాపీరైట్ అన్న మాట వినపడగానే ఎందుకొచ్చిన గొడవ అని సినిమానే సిలబస్‌లోంచి తీసేస్తారు. రెండూ చట్టాన్ని చదవకపోవడం వల్ల వచ్చినవే. ఈ రెండో ధోరణి వల్ల జరిగే నష్టం ఎక్కువని నా అభిప్రాయం. తరగతి కోసం సినిమా చూపించే హక్కును భారత చట్టం మన అధ్యాపకులకు ఇప్పటికే ఇచ్చింది. విశ్వవిద్యాలయాలు డబ్బు వెచ్చించి ఆ హక్కునే మళ్ళీ కొనుక్కోవడం అనవసరం. ఆ డబ్బు చేతికందని చిత్రాన్ని తెచ్చుకోవడానికీ, దాన్ని తీసినవాళ్ళకు తగిన ప్రతిఫలం ఇవ్వడానికీ వెళ్ళాలి.

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. అందులో 52వ సెక్షన్ ఏయే పనులు ఉల్లంఘన కిందకి రావో వరసగా చెబుతుంది. ఆ వరసలో (జె) క్లాజు విద్యాసంస్థల కోసం పెట్టింది. విద్యాసంస్థ కార్యకలాపాల్లో భాగంగా సినిమా వేసినప్పుడు, చూసేవాళ్ళు ఆ సంస్థ సిబ్బంది, విద్యార్థులు, వాళ్ళ తల్లిదండ్రులు, సంరక్షకులు, సంస్థ పనులతో సంబంధం ఉన్నవాళ్ళు మాత్రమే అయితే అది ఉల్లంఘన కాదు. అంతటితో ఆగలేదు. అలాంటి ప్రేక్షకులకు సినిమాను అందజేయడం కూడా ఉల్లంఘన కాదని అదే క్లాజు చెబుతుంది. స్ట్రీమింగ్‌కు ఆధారం ఈ రెండో భాగమే. ప్రజలకు అందజేయడం అన్నదానికి చట్టం ఇచ్చే నిర్వచనాన్ని 2012 సవరణలో విస్తరించారు. అందరూ ఒకేసారి చూసినా, ఎవరికి వీలైన చోట, వీలైన వేళ వాళ్ళు చూసినా రెండూ అందజేయడమే అని చేర్చారు. హక్కుదారుల పట్టును ఇంటర్నెట్ దాకా చాపడానికి చేసిన మార్పది. హక్కు ఎంత దూరం పోతే దానికున్న మినహాయింపూ అంత దూరం పోవాలి. కాబట్టి యూనివర్సిటీ లాగిన్‌తో, తన విద్యార్థులకు మాత్రమే కనిపించేలా పెట్టిన సినిమాకు ఈ క్లాజు నీడ ఉందని చెప్పడానికి గట్టి ఆధారమే ఉంది.

చూపించడం సరే, ముందు ఆ సినిమాను సర్వర్ మీదకు ఎక్కించాలి కదా, అది కాపీ చేయడం కాదా అని అడగొచ్చు. దానికి (ఐ) క్లాజు ఉంది. బోధనలో భాగంగా అధ్యాపకుడు కానీ విద్యార్థి కానీ చేసే ప్రతి ఉల్లంఘన కాదని అది చెబుతుంది. 2012కి ముందు ఈ వెసులుబాటు సాహిత్య, నాటక, సంగీత, కళాకృతులకే పరిమితం. సవరణ తర్వాత అది ఏ కృతికైనా వర్తిస్తుంది. అంటే సినిమాకు కూడా. మన అధ్యాపకుల్లో ఈ మార్పు ఎందరికి తెలుసునా అని నాకు తరచూ అనిపిస్తుంది. పదేళ్ళు దాటిపోయింది, విశ్వవిద్యాలయాల సర్క్యులర్లు మాత్రం ఇంకా 'ఏ కాపీ అయినా నేరమే' అన్న పాత పాటే పాడుతున్నాయి.

ఈ క్లాజు ఎంత విశాలమో తేల్చింది ఢిల్లీ ఫొటోకాపీ కేసు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణ సంస్థలు 2012లో ఢిల్లీ విశ్వవిద్యాలయం మీదా, ఆ ఆవరణలో ఉన్న రామేశ్వరి ఫొటోకాపీ దుకాణం మీదా దావా వేశాయి. పుస్తకాల్లోంచి అధ్యాయాలు కలిపి కోర్సు ప్యాకులు చేసి అమ్ముతున్నారన్నది ఆరోపణ. 2016 సెప్టెంబరులో సింగిల్ జడ్జి ఆ దావా కొట్టేశారు. అదే ఏడాది డిసెంబరులో డివిజన్ బెంచి తీర్పు వచ్చింది. బోధన అంటే గదిలో గంట కొట్టిన దగ్గర్నుంచి గంట కొట్టేదాకా జరిగేది మాత్రమే కాదనీ, ఎన్ని పేజీలన్న లెక్క కంటే ఆ పాఠానికి అది అవసరమా కాదా అన్నదే కొలమానమనీ తేల్చింది. ఆ కాపీలు నిజంగా బోధనకు అవసరమైనవేనా అన్న విషయాన్ని విచారణకు పంపింది. 2017లో ప్రచురణకర్తలు దావా ఉపసంహరించుకున్నారు. పుస్తకం విషయంలో వచ్చినంత స్పష్టమైన తీర్పు సినిమా విషయంలో ఇంకా రాలేదు. కానీ క్లాజు ఒకటే, తర్కమూ ఒకటే.

హక్కుకు హద్దులూ ఉన్నాయి. వాటిని దాచిపెడితే ఈ వాదన నిలబడదు. యూనివర్సిటీ ఆడిటోరియంలో ఊరందరినీ పిలిచి సినిమా వేస్తే (జె) క్లాజు కాపాడదు. ఆ సినిమాను యూనివర్సిటీ యూట్యూబ్ ఛానెల్లో అందరికీ కనిపించేలా పెట్టినా కాపాడదు. దొంగకాపీ సైటు నుంచి దించుకున్న ఫైలును తరగతిలో చూపించడాన్ని సమర్థించే పని నేను చేయను. తాళం వేసిన డీవీడీ నుంచి కాపీ తీయడం మరో చిక్కు. 2012లోనే చేర్చిన 65ఎ సెక్షన్ సాంకేతిక తాళాలను ఛేదించడాన్ని నేరం చేసింది. అయితే హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో చేసినప్పుడే అది నేరం. చట్టం నిషేధించని పని కోసమైతే దానికి మినహాయింపు కూడా అక్కడే ఉంది. పాత క్యాసెట్లు పాడైపోకుండా డిజిటల్ చేసుకోవడానికి వ్యాపారేతర ప్రజాగ్రంథాలయాలకు అనుమతి ఇచ్చే క్లాజు కూడా ఆ సవరణలోనే వచ్చింది. విశ్వవిద్యాలయ గ్రంథాలయం ప్రజాగ్రంథాలయమా కాదా అని వాదులాడుకోవచ్చు కానీ, ప్రభుత్వ సొమ్ముతో నడిచే గ్రంథాలయాన్ని అలా చూడడమే న్యాయం.

అమెరికాలో ఇదే హక్కు ఎంత ఇరుకో చూస్తే మన చట్టం విలువ తెలుస్తుంది. అక్కడ అధ్యాపకుడూ విద్యార్థులూ ఒకే గదిలో ఎదురెదురుగా ఉంటే సినిమా మొత్తం చూపించవచ్చు. దూరవిద్యకు వచ్చేసరికి 2002లో చేసిన టీచ్ చట్టం ఎన్నో షరతులు పెట్టి, చాలా చిత్రాల విషయంలో తగినంత భాగానికే ఒప్పుకుంది. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం తాను కొన్న షేక్స్‌పియర్ నాటకాల డీవీడీలను కోర్సు పేజీల్లో స్ట్రీమింగ్‌కు పెట్టినందుకు ఆంబ్రోజ్ వీడియో, విద్యా మాధ్యమాల వ్యాపారుల సంఘం కలిసి 2010లో కోర్టుకెక్కాయి. కోర్టు 2011లో ఒకసారి, 2012లో శాశ్వతంగా ఆ దావాను కొట్టేసింది. విశ్వవిద్యాలయం గెలిచింది కానీ, ఆ గెలుపులో చాలా భాగం ప్రభుత్వ సంస్థ మీద దావా వేయకూడదన్న రక్షణ వంటి కారణాల వల్ల వచ్చింది. దాంతో అసలు ప్రశ్న పూర్తిగా తేలలేదు. అలా మిగిలిపోయిన భయం నుంచే అమెరికాలో స్ట్రీమింగ్ లైసెన్సుల వ్యాపారం బలపడింది. మన చట్టంలో ఒకే గదిలో ఉండాలన్న నియమం లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972 నుంచి దూరవిద్య నడుపుతోంది. పాడేరులోనో పలాసలోనో ఇంట్లో కూర్చుని చదివే దూరవిద్యార్థి కూడా ఆ విశ్వవిద్యాలయ విద్యార్థే, చట్టం దృష్టిలో క్యాంపస్ విద్యార్థికీ ఆమెకీ తేడా లేదు.

చట్టం ఇచ్చినదాన్ని తిరిగి లాక్కునేది ఒప్పందం. అధ్యాపకులకు తెలిసిన చిన్న ఉదాహరణ ఓటీటీ ఖాతా. నెట్‌ఫ్లిక్స్ వంటి సంస్థల షరతుల్లో వ్యక్తిగత వాడకానికి మాత్రమేనని ఉంటుంది. ఆ ఖాతాతో తరగతిలో సినిమా వేస్తే కాపీరైట్ చట్టం కింద తప్పు కాకపోయినా, మనం ఒప్పుకున్న షరతు తప్పినట్టవుతుంది. నెట్‌ఫ్లిక్స్ తన సొంత డాక్యుమెంటరీల్లో కొన్నింటికి విద్యాప్రదర్శన అనుమతిని ఆ చిత్రం పేజీలోనే ఇస్తుంది. వాటిని ఒకసారి, లాభాపేక్ష లేకుండా, ఆ సంస్థ లోగోతో ప్రచారం చేయకుండా చూపించవచ్చు. సమాచారం కోసం వెతికే అధ్యాపకులకు ఇది పనికొస్తుంది. కానీ పదిహేను వారాల కోర్సు నడవాలంటే ఆ కొన్ని చిత్రాలు ఏ మూలకు?

పెద్ద ఒప్పందాల్లో ఉండేది పెద్ద ప్రమాదం. విశ్వవిద్యాలయాలకు సినిమాలు అద్దెకిచ్చే వ్యాపారం ఎలా పనిచేస్తుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన లైబ్రేరియన్ల దగ్గరకు ఈ ప్యాకేజీలు అమ్మేవాళ్ళు వస్తూనే ఉంటారు. ఒక పద్ధతిలో ఒక్కో డాక్యుమెంటరీకి విడిగా డిజిటల్ సైట్ లైసెన్సు కొంటారు. అమెరికన్ పంపిణీదారుల దగ్గర ఒక చిత్రానికి మూడు నాలుగు వందల డాలర్లు మామూలు ధర. మన డబ్బుల్లో పాతిక ముప్పై వేల పైమాటే. రెండో పద్ధతి మొత్తం భాండాగారానికి ఏడాది చందా. విద్యార్థుల సంఖ్యను బట్టి ధర కడతారు, చందా ఆపిన రోజున ఒక్క చిత్రమూ మిగలదు. మూడోది, చూసినదాన్ని బట్టి బిల్లు వేసే పద్ధతి. ఆస్ట్రేలియాలో 2008లో మొదలైన కనోపీ దీనికి పేరుపొందింది. వేల చిత్రాలు విద్యార్థుల ముందు పరిచేస్తారు. ఒక చిత్రాన్ని అర నిమిషానికి మించి చూస్తే ఒకసారి చూసినట్టు లెక్క. అలాంటి చూపులు కొన్ని పడగానే లైసెన్సు దానంతటదే కొన్నట్టయి, ఏడాదికి సుమారు 150 డాలర్ల బిల్లు లైబ్రరీకి వెళుతుంది. విద్యార్థికి అంతా ఉచితంగా కనిపిస్తుంది. ఎంత బాగా వాడుకుంటే లైబ్రరీకి అంత భారం. ప్రజాగ్రంథాలయాలకూ వాడకాన్ని బట్టే బిల్లు పడేది. ఆ ఖర్చు మోయలేకనే న్యూయార్క్, బ్రూక్లిన్, క్వీన్స్ ప్రజాగ్రంథాలయాలు 2019 జూలైలో కనోపీని వదులుకున్నాయి. అంత సంపన్న నగరం తట్టుకోలేని బిల్లును మన రాష్ట్ర విశ్వవిద్యాలయాలు నెత్తినెత్తుకోకూడదు. చూపును బట్టి బిల్లు వేసే ఒప్పందానికి ఎంత ఖర్చు దాటితే ఆపేయాలో రాతలో లేకుండా ఎవరూ సంతకం పెట్టకూడదు.

ఇంకో సంగతి, ఈ కంపెనీలు చేతులు మారుతుంటాయి. కనోపీని 2021లో ఓవర్‌డ్రైవ్ కొనేసింది. విద్యాచిత్రాల పెద్ద భాండాగారమైన అలెగ్జాండర్ స్ట్రీట్‌ను 2016లో ప్రోక్వెస్ట్, ఆ ప్రోక్వెస్ట్‌ను 2021లో క్లారివేట్ కొన్నాయి. 2025 ఫిబ్రవరిలో క్లారివేట్ ఇకపై ఒక్కసారి కొని శాశ్వతంగా ఉంచుకునే పద్ధతిని ఎత్తేస్తామని ప్రకటించింది. ప్రపంచమంతటా లైబ్రేరియన్లు గగ్గోలు పెట్టాక గడువు పొడిగించింది. ఓడరేవు ఊరికి దగ్గరగా ఉన్న ఉదాహరణ వీడియోటెల్. 1973లో లండన్‌లో మొదలై నావికుల భద్రతా చిత్రాలకు ప్రపంచమంతటా పేరు తెచ్చుకున్న సంస్థ అది. 2014లో కేవీహెచ్ అనే అమెరికన్ కంపెనీ దాన్ని కొంది. 2019లో అది ఓక్లీ క్యాపిటల్ అనే పెట్టుబడి సంస్థ చేతికి వెళ్ళింది. ఓడ మీదకు వెళ్ళబోయే కుర్రవాడి భద్రతా పాఠం ఎక్కడో పెట్టుబడిదారుల లావాదేవీలో భాగమైపోతే, దాన్ని నమ్ముకున్న శిక్షణ సంస్థకు మిగిలే ఆధారం ఒప్పందంలో రాసుకున్న షరతులే. అమ్మకందారు మారినా గడువు తీరేదాకా ధర మారకూడదనీ, ఒక చిత్రాన్ని భాండాగారం నుంచి తీసేయాలంటే విద్యాసంవత్సరం మధ్యలో కాక చివర్లోనే తీయాలనీ రాసుకోవడం గొంతెమ్మ కోరిక కాదు.

బ్రిటన్‌లో వేరే దారి తొక్కారు. 1988 కాపీరైట్ చట్టం తర్వాత ఎడ్యుకేషనల్ రికార్డింగ్ ఏజెన్సీ అనే సంస్థ ఏర్పడి, తన సభ్యులైన హక్కుదారుల తరఫున ఒకే లైసెన్సు ఇస్తుంది. ఆ లైసెన్సు ఉన్న విశ్వవిద్యాలయం టీవీ, రేడియో ప్రసారాల్ని రికార్డు చేసుకుని బోధనకు వాడుకోవచ్చు. దాని మీద నిలబడ్డ బాక్స్ ఆఫ్ బ్రాడ్‌కాస్ట్స్ అనే సేవలో లక్షలకొద్దీ కార్యక్రమాలున్నాయి. వసూలైన డబ్బు హక్కుదారులకు పంచుతారు. ఒక్కో చిత్రానికి ఒక్కో బేరం లేదు. దేశం దాటితే ఆ సేవ పనిచేయదు గనుక మనం చందా కట్టి తెచ్చుకునేది కాదు. నేర్చుకోవాల్సింది పద్ధతి.

మనకు ఆ పద్ధతికి దగ్గరగా వచ్చిన అవకాశం ఒకే దేశం ఒకే చందా పథకం. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం దీన్ని ఆమోదించింది. 2025, 2026, 2027 మూడేళ్ళకు 6,000 కోట్ల రూపాయలు. 30 ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 పత్రికలు, 6,300కు పైగా ప్రభుత్వ ఉన్నత విద్యా, పరిశోధన సంస్థలు, 1.8 కోట్ల మంది పాఠకులు. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ దీన్ని నడుపుతోంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం వంటి రాష్ట్ర సంస్థ విడిగా బేరమాడి ఎన్నటికీ తెచ్చుకోలేని పత్రికల్ని దేశం మొత్తం కలిసి బేరమాడితే తెచ్చుకోగలిగింది. దీన్ని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. కానీ అది వ్యాసాల కోసం పుట్టిన పథకం, అందులో సినిమాకు చోటు లేదు. పరిశోధన అంటే చదివేదే, చూసేది వినోదమే అన్న పాత భావన ఇంకా మన బడ్జెట్ పద్దుల్లో కూర్చునే ఉంది. లైబ్రరీకి పుస్తకాల పద్దు ఉంటుంది, పత్రికల పద్దు ఉంటుంది, చిత్రాలకు పద్దు ఉండదు. లైబ్రేరియన్ కొందామనుకున్నా ఏ పద్దులో రాయాలో తెలియక ఇండెంట్ వెనక్కి వస్తుంది.

ఇది చదువులో సినిమాను ఎరగని దేశమైతే సరే అనుకోవచ్చు. 1975 ఆగస్టులో ఉపగ్రహం నుంచి పల్లెలకు పాఠాలు పంపే సైట్ ప్రయోగం మొదలుపెట్టిన దేశం ఇది. ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెల్లో మన ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. 1984 ఆగస్టు 15న యూజీసీ దూరదర్శన్‌లో దేశవ్యాప్త తరగతి గది ప్రసారాలు మొదలుపెట్టింది. వాటి కోసం చిత్రాలు తీసే కేంద్రాలు హైదరాబాదులోనే రెండు చోట్ల వెలిశాయి, ఒకటి ఉస్మానియాలో, ఇంకొకటి ఇప్పటి ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీలో. 2017లో స్వయంప్రభ ఛానెళ్ళు వచ్చాయి. ప్రజల డబ్బుతో తీసిన పాఠ్యచిత్రాలు ఇన్ని పోగుపడ్డాక, ఏ చిత్రాన్ని ఎవరు ఎలా వాడుకోవచ్చో దాని మీదే రాసిపెట్టడం కనీస బాధ్యత. ఐఐటీల ఎన్‌పీటెల్ పాఠాలు ఆ పని చేశాయి. పేరు చెప్పి, అదే షరతుతో పంచుకోమని అనుమతి ముందే ఇచ్చేశాయి. మిగిలిన ప్రభుత్వ చిత్రాలన్నిటికీ అదే వర్తింపజేస్తే లైసెన్సు తలనొప్పి సగం తగ్గుతుంది.

ఫిల్మ్స్ డివిజన్ సంగతి ప్రత్యేకం. 1948లో పుట్టి, సినిమాహాళ్ళలో ప్రతి ఆటకు ముందు వార్తాచిత్రం చూపించిన సంస్థ అది. వేల చిత్రాలున్న ఆ భాండాగారాన్ని 2022లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో కలిపేశారు. మన చట్టంలో సినిమా హక్కు, విడుదలైన మరుసటి జనవరి నుంచి అరవై ఏళ్ళు. ఆ తర్వాత అది అందరిదీ. సత్యజిత్ రాయ్ 1961లో ఫిల్మ్స్ డివిజన్ కోసం తీసిన రవీంద్రనాథ్ టాగోర్ చిత్రం హక్కు 2021తో తీరిపోయింది. అలా తీరిన చిత్రాలు ఏటా పెరుగుతున్నాయి. వాటికి విశ్వవిద్యాలయాలు లైసెన్సు అడగాల్సిన పనిలేదు. అడగాల్సింది మంచి ప్రింటు నుంచి తీసిన డిజిటల్ ప్రతి.

కథాచిత్రాల్లో హక్కు తీరడం కొంచెం మెలికపడింది. 'మాయాబజార్' 1957లో విడుదలైంది, కాబట్టి చిత్రం మీద హక్కు 2017 చివరికి తీరింది. కానీ మాటలూ పాటలూ రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో పోయారు. సాహిత్యకృతికి రచయిత పోయాక అరవై ఏళ్ళ హక్కు గనుక ఆ లెక్క 2031 చివరిదాకా సాగుతుంది. తరగతిలో చూపించడానికి (జె) క్లాజు ఎలాగూ ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. ఆ చిత్రం ముక్కలతో విశ్వవిద్యాలయం ఒక బహిరంగ ఆన్‌లైన్ కోర్సు తయారుచేసి ప్రపంచమంతటా ఉన్న తెలుగువాళ్ళకు పెట్టాలంటే మాత్రం ఈ రెండు తేదీలనూ చూసుకోవాలి. నిర్మాతల వారసులతో కూర్చుని మాట్లాడి రాతపూర్వక అనుమతి తీసుకోవడం అక్కడ మంచి పద్ధతి.

ఇంతసేపూ విశ్వవిద్యాలయాల పక్షాన మాట్లాడాను. తీసినవాళ్ళ పక్షం మాట్లాడకపోతే అన్యాయం. హైదరాబాదులో పుట్టిన దీపా ధన్‌రాజ్ కుటుంబ నియంత్రణ కార్యక్రమం ఆడవాళ్ళ మీద చేసిన దాష్టీకాన్ని 1991లో 'సమ్‌థింగ్ లైక్ ఎ వార్' చిత్రంలో చూపించారు. స్త్రీల అధ్యయనం, ప్రజారోగ్యం చదివేవాళ్ళకు తప్పనిసరి చిత్రం అది. అమెరికాలో దాన్ని పంపిణీ చేసేది న్యూయార్క్‌లోని విమెన్ మేక్ మూవీస్. అమెరికన్ విశ్వవిద్యాలయాలు చెల్లించే సంస్థాగత ధరలే అలాంటి దర్శకులకు తర్వాతి చిత్రానికి పెట్టుబడి అవుతాయి. హాలు ఇవ్వని, టీవీ వేయని డాక్యుమెంటరీకి విద్యాసంస్థల కొనుగోలే ప్రధాన ఆదాయం. మన విశ్వవిద్యాలయాలు (జె) క్లాజు చూపించి ఒక్క రూపాయి ఇవ్వకపోతే, చట్టప్రకారం తప్పులేకపోవచ్చు, ఆ చిత్రం లాంటిది మళ్ళీ రావడానికి మాత్రం మనం చేసింది ఏమీ ఉండదు. అందుకే చూపించే హక్కు కొనక్కర్లేదంటూనే, శుభ్రమైన ప్రతి కోసం, సబ్‌టైటిల్స్ కోసం, కోర్సు ఉన్నన్నాళ్ళూ సొంత సర్వర్‌లో ఉంచుకునే భరోసా కోసం దర్శకుడికి నేరుగా డబ్బివ్వమంటున్నాను. విదేశీ పంపిణీదారు ధర కట్టలేకపోవచ్చు. దర్శకుడితో నేరుగా మాట్లాడితే మన దేశానికి తగ్గ ధర దొరకడం అసాధ్యం కాదు.

సబ్‌టైటిల్స్ మాట వచ్చింది కాబట్టి చెబుతాను, విశాఖలో నేను అన్నిటికంటే ముందు అడిగేది తెలుగు సబ్‌టైటిల్స్. ఇంగ్లీషు వ్యాఖ్యానంతో నడిచే భద్రతా చిత్రం చూసి క్రేను కింద నిలబడే కుర్రవాడికి సగమే అర్థమైతే, ఆ లైసెన్సుకు పెట్టిన డబ్బు సగం వృథా, ప్రమాదం మాత్రం మొత్తం అతనిది. వ్యాఖ్యానాన్ని అనువదించడానికి హక్కుదారు అనుమతి కావాలి. కాబట్టి తెలుగు సబ్‌టైటిల్స్ చేసుకునే అనుమతి లేని ఒప్పందం అసలు కుదుర్చుకోకూడదు. వినికిడి లోపం ఉన్న విద్యార్థుల కోసం చేసే మాటల పట్టీలకు ఆ అనుమతి కూడా అక్కర్లేదు. అందుబాటు రూపాల కోసం 2012లో చేర్చిన (జెడ్‌బి) క్లాజు దానికి దారి ఇచ్చింది.

ఈ పనికి కావలసిన మనుషులు విశాఖలోనే ఉన్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1935లోనే గ్రంథాలయశాస్త్రం బోధించడం మొదలుపెట్టింది. సబ్బవరంలో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. గీతం, ఐఐఎం, మారిటైమ్ యూనివర్సిటీ, మెడికల్ కాలేజీ అన్నీ గంట ప్రయాణం దూరంలో ఉన్నాయి. లైబ్రేరియన్లూ, న్యాయ అధ్యాపకులూ కలిసి తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఒక నమూనా ఒప్పందం రాయగలరు. చట్టం ఇచ్చిన 52వ సెక్షన్ హక్కుల్ని ఈ ఒప్పందంలోని ఏ షరతూ తగ్గించదన్న వాక్యం అందులో మొదట ఉండాలి. దూరవిద్యార్థులకూ వర్తించాలి, క్యాంపస్ ఐపీ చిరునామాతో కట్టిపడేయకూడదు, ఏడాదికి ధర పెరిగే శాతానికి పరిమితి ఉండాలి. ఒక్కో సంస్థ విడివిడిగా కాక ఊళ్ళో సంస్థలన్నీ కలిసి బేరమాడాలి.

కొనడానికి దొరకని చిత్రాలను మనమే తీయాలి కూడా. 1966లో విశాఖ ఉక్కు కోసం అమృతరావు నిరాహారదీక్ష చేసిన ఊరు ఇది. ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేస్తే, 1992లో కర్మాగారం జాతికి అంకితమైంది. 1948 మార్చిలో స్వతంత్ర భారతంలో కట్టిన మొదటి పెద్ద ఓడ జలఉష ఇక్కడే నీళ్ళలోకి దిగింది. 2014లో హుద్‌హుద్ తుఫాను, 2020 మేలో ఎల్‌జీ పాలిమర్స్ విషవాయువు. ఈ చరిత్ర కోసం లండన్‌లోనో న్యూయార్క్‌లోనో కూర్చిన ప్యాకేజీలో వెతకడం దండగ. జర్నలిజం, రంగస్థల కళల విద్యార్థులు ప్రాజెక్టు పేరుతో ఏటా తీసే చిత్రాలను, మాట్లాడినవాళ్ళ రాతపూర్వక సమ్మతితో, బహిరంగ లైసెన్సుతో దాచిపెడితే ఈ ఊరి పాఠ్యచిత్రాల భాండాగారం ఈ ఊళ్ళోనే పుడుతుంది. ఉక్కు ఉద్యమాన్ని చూసినవాళ్ళు ఇప్పుడు ఎనభై దాటుతున్నారు. ఈ పనికి ఎక్కువ వ్యవధి లేదు.

ఒకే దేశం ఒకే చందా మొదటి విడత 2027 డిసెంబరుతో ముగుస్తుంది. రెండో విడత ఎలా ఉండాలో అప్పటికి ఢిల్లీలో తేలిపోతుంది. చిత్రాలకు ఒక భాగం, అందులో భారతీయ భాషల స్వతంత్ర డాక్యుమెంటరీలకు ప్రత్యేక వాటా కావాలని రాష్ట్ర విశ్వవిద్యాలయాలు ఇప్పుడే ఇన్‌ఫ్లిబ్‌నెట్‌కు రాయాలి, ఏయే చిత్రాలు కావాలో శాఖలవారీ జాబితాతో సహా. అదే డిసెంబరు 31న 1967 నాటి ఫిల్మ్స్ డివిజన్ చిత్రాల హక్కు తీరుతుంది. ఎస్.ఎన్.ఎస్. శాస్త్రి తీసిన 'ఐ యామ్ 20', సుఖ్‌దేవ్ తీసిన 'ఇండియా 67' వాటిలో ఉన్నాయి. ఆ ప్రతులు సర్వర్ మీద సిద్ధంగా ఉండాలంటే జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థకు ఉత్తరం వెళ్ళాల్సింది ఈ విద్యాసంవత్సరంలోనే.